కొండ దిగిన కొలువు

వలస బాటల చరిత్ర: 6వ భాగం

గోర్ఖా రాజ్యం తూర్పున తీస్తా నుంచి పడమర సట్లెజ్ దాకా ఎలా పాకిందో గత భాగంలో చూశాం. 1809లో కాంగ్రా కోట దగ్గర రంజిత్ సింగ్ అడ్డుపడ్డాడు. ఆ దండయాత్ర అక్కడితో సరి. ఇటు దక్షిణాన తరాయి పల్లెల శిస్తు ఎవరిదన్న తగవు కంపెనీవారితో ఏళ్ల తరబడి నలిగి నలిగి, 1814 చివర్లో యుద్ధమై కూర్చుంది. నేపాలీలు పరాయి సైన్యాల్లో చేరడమనే రెండు వందల ఏళ్ల కథకు మొదలు ఆ యుద్ధమే.

డెహ్రాడూన్ పక్కన నాలాపానీ అని ఒక గుట్ట ఉంది. దాని మీద ఖలంగా కోట. కోట అనడమే గానీ గోడలు ఇంకా పూర్తిగా లేవనేలేదు. లోపల బలభద్ర కున్వర్, ఆయన వెంట ఆడవాళ్లూ పిల్లలతో కలిపి దాదాపు ఆరు వందల మంది. బయట అంతకు ఎన్నో రెట్లున్న కంపెనీ సైన్యం, ఫిరంగులు. ఆ సైన్యాన్ని నడుపుతున్నవాడు జనరల్ రోలో గిలెస్పీ. ఈ పేరు దక్షిణాది చరిత్ర చదివినవాళ్లకు ఇదివరకే తగిలి ఉంటుంది. 1806లో వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడితే, ఆర్కాటు నుంచి గుర్రాల మీద దూసుకొచ్చి ఆ తిరుగుబాటును నెత్తుట్లో ముంచినవాడు ఇతనే. వెల్లూరులో ఒక్క పూటలో తేల్చిన పని నాలాపానీలో తేలలేదు. అక్టోబరు 31న తనే ముందుండి దాడి నడిపిస్తూ, గోడకు కాస్త దూరంలో గుండు తగిలి ప్రాణం విడిచాడు.

ఆ తర్వాత నెల రోజులు ముట్టడి సాగింది. గోడ కూలిన చోట ఆడవాళ్లు నిలబడి రాళ్లు రువ్వారని ఇంగ్లీషువాళ్లే రాసుకున్నారు. వాళ్లు రాసిన వాటిలోనే మరో ముచ్చట కూడా ఉంది. ఒకరోజు ఫిరంగులు మోగుతుండగా కోటలోంచి ఒక మనిషి చెయ్యి ఊపుకుంటూ కిందికి దిగి వచ్చాడు. కాల్పులు ఆపి చూస్తే, గుండు దెబ్బకు దవడ చితికిపోయి ఉంది. వైద్యం చేయించుకోవడానికి శత్రువు దగ్గరికే వచ్చాడన్నమాట. కంపెనీ డాక్టరు కట్టు కట్టాడు. దెబ్బ మానాక ఆ మనిషి అడిగింది ఒక్కటే: తన దళంలోకి తిరిగి వెళ్లి మీతో పోరాడతాను, పంపించండి అని.

చివరికి కోటను ఓడించింది దాహం. నీళ్లు బయటి ఊట నుంచి రావాలి. ఆ దారిని కంపెనీవారు మూసేశారు. నవంబరు 30న బలభద్ర మిగిలిన 70 మందిని వెంటేసుకుని, కత్తులు దూసి, ముట్టడిలోంచే దారి చేసుకుని వెళ్లిపోయాడు. ఈ ఒక్క గుట్ట కోసం కంపెనీ తరఫున చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిసి ఏడు వందలు దాటారు. తర్వాత కోటను నేలమట్టం చేసి, గుట్ట కింద పక్కపక్కనే రెండు చిన్న స్తంభాలు కట్టించారు. ఒకటి గిలెస్పీకి, మరొకటి బలభద్రకు, ఆయన మనుషులకు. ఓడిపోయిన శత్రువుకు గెలిచినవాడు స్మారకం కట్టించడం మన దేశంలో అరుదు. డెహ్రాడూన్‌లో అవి ఇప్పటికీ ఉన్నాయి.

ఆ స్తంభాలను పెద్దమనసుకు గుర్తుగా చూపించే పుస్తకాలు చాలా ఉన్నాయి. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ మెచ్చుకోలు వెనకే బేరం కూడా నడిచింది. 1815 మే 15న మలౌన్ కోట దగ్గర గోర్ఖా సేనాని అమర్ సింగ్ థాపా, జనరల్ ఆక్టర్‌లోనీ ముందు లొంగిపోయాడు. ఆ ఒప్పందంలో ఒక షరతు ఉంది: గోర్ఖా సిపాయిల్లో ఇష్టమైనవాళ్లు కంపెనీ కొలువులో చేరవచ్చు. సుగౌలీ సంధి ఖరారై యుద్ధం పూర్తిగా ముగియడానికి (1816 మార్చి) ఇంకా దాదాపు ఏడాది ఉండగానే నసీరీ, సిర్మూర్, కుమావూ పటాలాలు పుట్టేశాయి. మొదట్లో చేరినవాళ్లలో నేపాలీలతో పాటు కుమావూ, గఢ్వాల్ కొండలవాళ్లూ ఉన్నారు.

మరి బలభద్ర? కంపెనీలో చేరలేదు. లాహోర్ వెళ్లి రంజిత్ సింగ్ సైన్యంలో కుదిరాడు. 1823లో నౌషేరా దగ్గర అఫ్గాన్లతో జరిగిన పోరులో చనిపోయాడు. అలా లాహోర్ వెళ్లినవాళ్లను కొండల్లో లాహురేలన్నారు. లాహోర్ దర్బారు పోయింది, పేరు నిలిచింది. తర్వాత ఏ దేశపు సైన్యంలో చేరినా లాహురేయే.

కాఠ్‌మాండూ దర్బారుకు ఈ వలస మొదట్లో బొత్తిగా గిట్టలేదు. నిన్న మనతో యుద్ధం చేసినవాడికి మన మనిషిని అప్పగించడమేమిటన్నది అప్పటి ప్రధాని భీమ్‌సేన్ థాపా వాదం. అటు కాఠ్‌మాండూలో ఇంగ్లీషు రెసిడెంటుగా ఉన్న బ్రయాన్ హాడ్జ్‌సన్ 1830లలోనే ఏ కొండజాతి సిపాయిగా పనికొస్తుందో, ఏది పనికిరాదో కాగితం మీద వర్గాలు కట్టి పైవాళ్లకు పంపాడు. మగర్లు, గురుంగులు పనికొస్తారు. తర్వాత తూర్పు కొండల రాయ్‌లు, లింబూలు ఆ జాబితాలోకి వచ్చారు. ఠాకురీ, ఛెత్రీలకు తర్వాతి రోజుల్లో ప్రత్యేకంగా ఒక రెజిమెంటు, 9వది. కాఠ్‌మాండూ లోయలోని నేవార్లకు, దళితులకు దాదాపుగా తలుపు మూసే ఉంచారు. వీరజాతుల సిద్ధాంతమని దానికి పెద్ద పేరు పెట్టారు. అది సైన్యానికి మనుషుల్ని ఎంచుకునే పద్ధతి, అంతకు మించి అందులో శాస్త్రమేమీ లేదు. విచిత్రమేమిటంటే ఆ ఎంపికలో పడ్డవాళ్లు క్రమంగా తమను తాము ఆ కళ్లతోనే చూసుకోవడం అలవాటు చేసుకున్నారు.

1857లో ఢిల్లీ ముట్టడిలో సిర్మూర్ పటాలం హిందూరావు ఇంటి దగ్గర మూడు నెలలు కాచుకుని ఉంది. 490 మందిలో 327 మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది. అప్పటికి నేపాల్‌ను ఏలుతున్న జంగ్ బహాదుర్ రాణా లెక్క వేరు. స్వయంగా సైన్యం తీసుకుని లక్నో మీదికి వెళ్లి ఇంగ్లీషువాళ్లకు సాయం చేశాడు. సుగౌలీలో పోగొట్టుకున్న పడమటి తరాయి 1860లో తిరిగి రాబట్టుకున్నాడు. బాంకే, బర్దియా, కైలాలీ, కంచన్‌పూర్ ఇప్పటికీ నేపాల్‌లో ఉన్నాయంటే ఆ లక్నో ప్రయాణమే కారణం. అయినా తన ప్రజల్ని ఇంగ్లీషు సైన్యంలో భర్తీ చేసుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. చేరాలనుకున్నవాళ్లు దొంగచాటుగా సరిహద్దు దాటాల్సిందే.

1885లో అదే రాణా కుటుంబానికి చెందిన బీర్ శంషేర్ తన పెదనాన్నను చంపించి గద్దెనెక్కాడు. అలా ఎక్కినవాడికి ఇంగ్లీషువాళ్ల గుర్తింపు కావాలి, తుపాకులు కావాలి. వాళ్లకు మనుషులు కావాలి. బేరం కుదిరింది. 1886 నుంచి గోరఖ్‌పూర్‌లో భర్తీ కేంద్రం తెరిచారు. తూర్పు కొండలవాళ్లకు డార్జిలింగ్ దగ్గర మరొకటి వచ్చింది. సెలవు మీద ఊరొచ్చిన సిపాయో, పింఛనుదారో గల్లావాలాగా మారి, జాతరల్లోనూ సంతల్లోనూ కుర్రాళ్లను ఏరి, కొండ దించి తీసుకెళ్లేవాడు. తెచ్చిన మనిషికింత అని అతనికి ముట్టేది. మన పాలమూరు మేస్త్రీలు గుంపు కూలీలను కట్టుకుపోయిన తీరు ఎరిగినవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ వ్యాపారాన్ని ఎక్కడికో తీసుకెళ్లింది. 1911లో నేపాల్ జనాభా 56 లక్షలు. అందులోంచి, అదీ ఎంచిన కొన్ని కులాల్లోంచి, సుమారు 2 లక్షల మంది యుద్ధంలోకి వెళ్లారు. ఫ్రాన్సు బురదలో, గల్లిపోలీ గుట్టల్లో, మెసొపొటేమియా ఎండలో పోరాడారు. 1915లో ఫ్రాన్సులోని లూస్ దగ్గర, గాయపడి ఉన్న తోటివాళ్లను జర్మన్ కందకాల దగ్గర నుంచి మోసుకొచ్చిన కుల్‌బీర్ థాపాకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. నేపాలీకి ఆ పతకం రావడం అదే మొదలు.

ఇక దేశానికేం వచ్చింది? యుద్ధం అయ్యాక ఇంగ్లీషు ప్రభుత్వం నేపాల్ దర్బారుకు ఏటా 10 లక్షల రూపాయలు ఇచ్చేందుకు ఒప్పుకుంది. 1923 సంధిలో నేపాల్ స్వతంత్ర దేశమని రాసిచ్చింది. రెండోది చిన్న విషయం కాదు. చుట్టూ సంస్థానాలన్నీ తెల్లదొరల చేతికింద నలుగుతుంటే ఆ కొండరాజ్యం తన జెండా తను ఎగరేసుకోగలిగింది. అందులో సిపాయిల నెత్తుటి వాటా ఉంది. ఆ 10 లక్షలు మాత్రం రాణాల ఖజానాకు పోయాయి, సిపాయి ఊరికి బడీ రాలేదు, బాటా పడలేదు. చదువుకున్న లాహురే రాణాలకు కంట్లో నలుసు కూడా.

ఊరు చేరేలోగా సిపాయికి ఇంకో గండం. సముద్రం దాటితే కులం పోతుంది. అందుకని యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు పానీ పతియా అనే శుద్ధి జరిపించారు. ప్రాయశ్చిత్తం పూర్తయితేనే ఊళ్లో వాళ్ల చేతి నీళ్లు తాగుతారు, పంక్తిలో కూర్చోనిస్తారు. జంగ్ బహాదుర్ 1850లోనే ఓడెక్కి లండన్ వెళ్లొచ్చాడు. పెద్దలకు ఒక న్యాయం, పేదలకు ఒక న్యాయం అనడం తేలికే గానీ, ఈ శుద్ధి వల్ల సిపాయికి కాస్త మేలూ జరిగింది. రాజగురువు ముద్రతో ఇంటికి వెళ్లినవాణ్ణి వెలి వేయడానికి ఊరి పెద్దకు ధైర్యం చాలదు.

అందరూ ఇంటికి వెళ్లలేదు. పటాలాలు దశాబ్దాలుగా ఉన్న డెహ్రాడూన్, ధర్మశాల, బక్లోహ్, షిల్లాంగ్‌లలో పింఛనుదారుల పేటలు వెలిశాయి. అబ్బొట్టాబాద్‌లో కూడా. రాణాల పాలనలో నోరు విప్పలేని మాటలు ఈ పేటల్లో పలికాయి. డెహ్రాడూన్‌లో ఠాకూర్ చందన్ సింగ్ 1920లలో గోర్ఖా లీగ్ నడిపాడు, రాణాల మీద పత్రికలు పెట్టాడు. ధర్మశాల పక్క భాగ్సూలో పుట్టిన మిత్రసేన్ థాపా యుద్ధంలో ఫ్రాన్సు వెళ్లొచ్చి, కొలువు మానేసి, హార్మోనియం పట్టుకుని పటాలాల మధ్య తిరిగాడు. కొండపాటలకు కొత్త బాణీలు కట్టాడు, నాటకాలాడాడు, గ్రామఫోను రికార్డులిచ్చాడు. నేపాలీ ఆధునిక సంగీతం పుట్టిల్లు ఎక్కడని అడిగితే నేను కాఠ్‌మాండూ కంటే ముందు ఈ పింఛను పేటల పేరే చెబుతాను.

ఆ ధర్మశాల ప్రాంతం నుంచే వచ్చినవాడు కెప్టెన్ రామ్ సింగ్ ఠాకూరీ. మలయాలో జపాన్ వాళ్లకు చిక్కి, నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరి, ఇప్పటికీ మన సైన్యం కవాతులో మోగే ఆ ఫౌజ్ పాటకు బాణీ కట్టాడు. డెహ్రాడూన్ దగ్గర పుట్టిన దుర్గా మల్ల అదే ఫౌజ్‌లో గూఢచారిగా పనిచేసి పట్టుబడ్డాడు. 1944 ఆగస్టులో ఢిల్లీలో ఉరి తీశారు. ఆయన విగ్రహం పార్లమెంటు ఆవరణలో ఉంది.

వీటి పక్కనే చెప్పాల్సింది ఇంకొకటుంది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో డయ్యర్ మాట మీద కాల్పులు జరిపినవాళ్లలో సగం మంది గోర్ఖాలే. గోర్ఖా చరిత్రలు రాసే పాత సైనికాధికారులు ఈ పేజీ దగ్గర గబగబా నడిచిపోతారు. స్థానిక జనంతో భాషా, బంధుత్వమూ లేని సిపాయిని ఏరికోరి అలాంటి చోట వాడుకోవడం ఇంగ్లీషువాళ్లకు అలవాటు.

1947 నవంబరులో భారత్, బ్రిటన్, నేపాల్ కలిసి ఒప్పందం రాసుకున్నాయి. పది రెజిమెంట్లలో ఆరు భారత్‌కు, నాలుగు (2, 6, 7, 10) బ్రిటన్‌కు. ఎటు వెళతావని సిపాయిని అడిగారు. తీరా అడిగేసరికి, బ్రిటన్ వాటాకు పడ్డ రెజిమెంట్లలో చాలామంది భారత్ వైపే వచ్చారు. వాళ్లతో మన సైన్యం 1948లో 11వ గోర్ఖా రైఫిల్స్ కట్టింది. మొత్తం ఈ కథలో సిపాయిని నోరు తెరిచి అడిగిన సందర్భం అదొక్కటే అనిపిస్తుంది.

ఆ ఒప్పందంలోనే తర్వాతి దశాబ్దాల తగవుకు విత్తనం పడింది. బ్రిటిష్ గోర్ఖా జీతానికి, పింఛనుకు భారత సైన్యపు రేట్లే ప్రాతిపదిక అన్నారు. బయట దేశంలో ఉన్నప్పుడు భత్యాలు కలుస్తాయి. కానీ పింఛను? నేపాల్‌లో బతుకుతాడు కనుక అక్కడి ధరలకు అది చాలన్నది లండన్ లెక్క. పక్క కందకంలో నిలబడ్డ ఇంగ్లీషు సిపాయికి వచ్చేదాంట్లో అది చిన్న భాగం. పైగా పింఛను రావాలంటే 15 ఏళ్ల కొలువు ఉండాలి. మలయా అడవుల్లో, తర్వాత బోర్నియోలో పోరాడించి, 1960ల చివర్లో ఖర్చు తగ్గించాలని వేలమందిని 15 ఏళ్లు నిండకుండానే ఇంటికి పంపేశారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. పింఛను లేని ముసలి సిపాయిల కోసం 1969లో గోర్ఖా వెల్ఫేర్ ట్రస్టు పేరిట విరాళాలు పోగు చేశారు. సైన్యంలో పనిచేసినవాడు హక్కుగా అందుకోవాల్సింది దాతల చేతి మీదుగా రావడంలో ఉన్న నొప్పిని లాహురేలు ఎన్నడూ మరిచిపోలేదు.

అయినా ఊరికి వచ్చిన డబ్బు ఊరిని మార్చింది. ధరాన్, పోఖరా అంతకుముందు చిన్న ఊళ్లు, లాహురేల డబ్బుతో పట్నాలయ్యాయి. సెలవు మీద వచ్చినవాడి భుజాన రేడియో, మెడలో కెమెరా, ఇంట్లో అమ్మకు బంగారం. పెళ్లి సంబంధాల్లో లాహురే తర్వాతే ఎవరైనా. ఇంకోవైపు సారంగి పట్టుకుని ఊరూరా తిరిగే గంధర్వులు ఈ సిపాయిల చావులనే పాడుకుంటూ వచ్చారు. పోఖరా దగ్గరి బటూలేచౌర్‌కు చెందిన ఝలక్‌మాన్ గంధర్వ పాడిన ఒక పాట రేడియో నేపాల్ ద్వారా 1960లలో దేశమంతా మోగింది. యుద్ధభూమిలో చనిపోతున్న సిపాయి, ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పమని తోటివాడి చేత కబురు పంపడం దాని సారం. ఆ పాట తెలియని నేపాలీ ఇల్లు ఉండదంటారు.

భర్తీ ఎలా జరుగుతుందో ఒక్కసారి దగ్గర్నుంచి చూద్దాం. పోఖరాలో ఏటా బ్రిటిష్ సైన్యం పెట్టే పరీక్షల్లో డోకో పరుగు ఒకటి. డోకో అంటే కొండవాళ్లు వీపున మోసే వెదురు బుట్ట. దాని బరువు భుజాల మీద ఉండదు. నామ్లో అనే పట్టీని నుదుటికి తగిలించుకుంటే బరువంతా నుదురూ మెడా మోస్తాయి. అందులో 25 కిలోల ఇసుక పోసుకుని, రాళ్లబాట వెంట ఐదు కిలోమీటర్ల పైచిలుకు ఎగువకు పరిగెత్తాలి, ముప్పావు గంటకు కాస్త అటూ ఇటూగా. తల పైకెత్తితే నామ్లో జారుతుంది, కనుక కళ్లు కాలి ముందు రాయి మీదే ఉండాలి. వేలమంది కుర్రాళ్లు దీనికోసం కోచింగ్ సెంటర్లలో చేరతారు, ఇంగ్లీషు, లెక్కలు, గుంజీలు నేర్చుకుంటారు. ఎంపికయ్యేది కొన్ని వందల మంది. మిగిలినవాళ్లలో చాలామంది అదే పాస్‌పోర్టుతో మలేసియాకో ఖతార్‌కో వెళతారు. అక్కడి కూలీల క్యాంపుల్లో వాళ్ల పక్క మంచం మీద జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్లు ఉంటారు. ఆ కథకు విడిగా ఒక భాగం కావాలి.

పటాలం పేరు ఇంకో రకంగానూ ఉపయోగపడింది. మన పట్నాల్లో పాతతరానికి గూర్ఖా అంటే రాత్రిపూట విజిల్ ఊదుతూ, కర్రను రోడ్డుకేసి కొడుతూ తిరిగే మనిషి. తెలుగు సినిమాలు అతనికి ఖాకీ బట్టలు, టోపీ, వచ్చీరాని హిందీ ఇచ్చి నవ్వించాయి. నిజానికి అలా వచ్చినవాళ్లలో చాలామంది ఏ రెజిమెంటూ భర్తీ చేసుకోని దూర పశ్చిమ జిల్లాలవాళ్లు. అఛామ్, బఝాంగ్, డోటీల్లో పంట నాలుగు నెలలకు మించి రాదు. కడుపు చేతపట్టుకుని ఢిల్లీ, ముంబై, బెంగళూరు, హైదరాబాద్ చేరినవాళ్లను చూసి, గేటు దగ్గర నిలబెట్టుకునేవాడు వీరుడే కావాలనుకున్నాడు. వాళ్లూ కాదనలేదు. కాదంటే ఉద్యోగం ఉండదు.

బ్రిటన్ పటాలాల్ని మలయా నుంచి హాంకాంగ్‌కు, 1997లో హాంకాంగ్ చైనాకు వెళ్లిపోయాక ఇంగ్లండుకు మార్చింది. అప్పుడు అసలు ప్రశ్న మొదలైంది. ఇంగ్లండులో ఉండి పనిచేసినవాణ్ణి ఉద్యోగం కాగానే దేశం వదిలి పొమ్మంటారా? 2004లో ప్రభుత్వం సగం దిగింది: 1997 జులై 1 తర్వాత రిటైరైనవాళ్లు ఉండవచ్చు. మరి రెండో ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ తెచ్చుకున్న తుల్ బహాదుర్ పున్ సంగతేమిటి? ముసలివాళ్లు కోర్టుకెక్కారు. 2008 సెప్టెంబరులో హైకోర్టు వాళ్ల వైపు తీర్పిచ్చింది. 6వ గోర్ఖా రైఫిల్స్ మేజర్ కూతురైన నటి జొవానా లమ్లీ రంగంలోకి దిగేసరికి ఇంగ్లండు పత్రికలన్నీ ఇటు తిరిగాయి. 2009 ఏప్రిల్ 29న కామన్స్ సభలో ప్రభుత్వం 246కు 267 ఓట్లతో ఓడిపోయింది. మే 21న, నాలుగేళ్లు పనిచేసిన ప్రతి గోర్ఖా కుటుంబంతో వచ్చి స్థిరపడవచ్చని ప్రకటించారు.

పత్రికలు అక్కడ కథ ముగించాయి. ఆల్డర్‌షాట్‌లో మాత్రం అప్పుడే మొదలైంది. లండన్‌కు నైరుతిలో ఉన్న ఈ పాత సైనిక పట్నానికి వచ్చినవాళ్లు ఎక్కువమంది డెబ్బై దాటిన దంపతులు. కొండ ఊరిలో పశువులు కాచుకున్న మనుషులు, అద్దె గదిలో చలికి ముడుచుకున్నారు. నేపాల్ రేటు పింఛనుతో ఇంగ్లండులో బతకడం కుదరదు గనుక అక్కడి ముసలివాళ్లకిచ్చే ప్రభుత్వ సాయం మీద ఆధారపడ్డారు. డాక్టరు దగ్గర నోరు విప్పాలంటే పక్కన దుబాసీ ఉండాలి. పార్కు బెంచీల మీద ఢాకా టోపీలు పెట్టుకుని కూర్చున్నవాళ్లను చూసి స్థానికులు కొందరు మొహం చిట్లించారు. 2011లో అక్కడి ఎంపీ ఆస్పత్రుల మీద, కౌన్సిల్ మీద భారం పడుతోందని ప్రధానికి ఉత్తరం రాశాడు.

పదిహేనేళ్లలో ఆ పట్నం సర్దుకుంది. ఇప్పుడు వీధిలో మోమోల కొట్లు ఉన్నాయి, కిరాణా షాపులో గుంద్రుక్ పొట్లాలు దొరుకుతాయి. ఆవాకును పులియబెట్టి ఎండబెట్టే ఆ గుంద్రుక్ లేనిదే కొండవాడికి పులుసు లేదు. మన దసరా రోజులే వాళ్ల దశైన్. తొలిరోజు మట్టిలో బార్లీ చల్లి, వెలుతురు తగలని మూల పెడతారు. పదోరోజుకు మొలకలు పసుపు రంగులో జానెడు లేస్తాయి. వాటిని జమరా అంటారు. ఇంటి పెద్ద బియ్యం, పెరుగు, కుంకుమ కలిపి చిన్నవాళ్ల నుదుట అద్ది, జమరా చెవిలో పెట్టి దీవిస్తాడు. ఇంగ్లండులో పుట్టిన మనవలు ఆ టీకాతోనే స్కూలుకు వెళతారు.

పింఛను తగవు తీరలేదు. 2021 ఆగస్టులో లండన్‌లో ప్రధాని ఇంటి ఎదుట మాజీ సిపాయిలు 13 రోజులు నిరాహారదీక్ష చేశారు. ప్రభుత్వం చర్చలకు ఒప్పుకున్నాకే విరమించారు. సింగపూర్ పద్ధతి ఇంకా కచ్చితం. 1949 నుంచి అక్కడి పోలీసులో గోర్ఖా దళం ఉంది. పిల్లలు అక్కడే పుట్టి, అక్కడి బళ్లలో చదువుతారు. తండ్రి రిటైరైన రోజున కుటుంబం మొత్తం నేపాల్‌కు వెళ్లిపోవాలి.

ఇటు మన దేశం 2022లో నాలుగేళ్ల అగ్నిపథ్ పథకం తెచ్చాక, 1947 ఒప్పందంలో అలాంటి కొలువు లేదంటూ కాఠ్‌మాండూ భర్తీకి ఒప్పుకోలేదు. రెండు వందల ఏళ్ల తర్వాత ఆ దారి మూతపడింది. మరుసటి ఏడాదే నేపాలీ కుర్రాళ్లు దళారుల చేతుల మీదుగా రష్యా సైన్యంలో తేలారు. ఆరుగురు చనిపోయారని 2023 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం ప్రకటించింది. 2024 జనవరిలో రష్యా, ఉక్రెయిన్‌లకు పని అనుమతులు ఆపేసింది. ఏ ఒప్పందమూ, ఏ పింఛనూ లేని భర్తీ ఇది. ఈ బేరంలో కాఠ్‌మాండూ కూడా లేదు.

సిపాయిలు గోరఖ్‌పూర్ దారి పట్టిన రోజుల్లోనే, తూర్పు కొండల నుంచి కుటుంబాలకు కుటుంబాలు మేచీ నది దాటి డార్జిలింగ్ టీ తోటల్లోకి వెళ్లాయి. 1830ల్లో నూరు మంది కూడా సరిగా లేని ఆ గుట్ట మీద నేపాలీ భాష ఎలా వేళ్లూనింది, గోర్ఖాలాండ్ మాట ఎక్కడ పుట్టింది అన్నది వచ్చే భాగంలో.